అరవై నిండాకే రమ్మంటారా?

"ఈ వయసులో మతిమరుపేందమ్మా, టెన్షనయ్యుంటది. రాత్రిళ్లు బాగా నిద్రపొమ్మను."

ఇదే మాట చెప్పి మా అక్కని అందరూ వెనక్కి పంపించారు. ఊళ్లో ఆరెంపీ పంపించాడు. నెల్లూరులో పేరున్న ఒక ఆసుపత్రిలో ఫీజు కట్టించుకున్న డాక్టరు పంపించాడు. నరాల డాక్టరని బోర్డు చూసి లోపలికి పోతే, అక్కడా బలానికి బిళ్లలు రాసి పంపించారు. అప్పటికి బావకి 48 ఏళ్లు. ఆ అంకె చీటీ మీద రాసుకున్న తర్వాత ఇక అడగాల్సింది ఏమీ మిగల్లేదు వాళ్లకి. ఒకాయన మాత్రం రెండు ప్రశ్నలు వేశాడు. ఈ రోజు ఏ వారం? ముఖ్యమంత్రి ఎవరు? బావ రెండింటికీ సరిగ్గానే జవాబు చెప్పాడు. "బాగానే ఉండాడు గదమ్మా, నువ్వే ఎక్కువగా ఆలోచిస్తా ఉండావు" అన్నాడాయన అక్కతో. అక్క ఆ మాట నాకు ఫోన్లో చెప్పి ఏడ్చింది. భర్త మారిపోయాడని చెప్పుకోబోయిన మనిషినే జబ్బుమనిషిని చేసి పంపితే ఏడవక ఏం చేస్తుంది?

బావది విడవలూరు మండలంలో సముద్రం పక్క ఊరు. వనామీ రొయ్య వచ్చిన కొత్తలోనే గుంటలు లీజుకి తీసుకుని సాగు మొదలుపెట్టిన మనిషి. చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూసి, తర్వాతి పూట ఎన్ని కిలోలు వేయాలో అక్కడికక్కడే చెప్పేవాడు. నాలుగు రొయ్యల్ని అరచేతిలో వేసుకుని కౌంటు చెబితే, కొనడానికి వచ్చిన వాళ్లు కాటా వేశాక కూడా ఒకటో రెండో తేడా వచ్చేది, అంతే. చుట్టుపక్కల రైతులు నీళ్ల రంగు మారితే ముందు ఆయనకే ఫోన్ చేసేవాళ్లు.

అలాంటి మనిషి గట్టు మీద ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాడు. వేసిన మేతే మళ్లీ వేశాడు. కూలీల డబ్బు అడిగితే నవ్వాడు. ఒక రాత్రి ఏరియేటర్ల చప్పుడు చికాగ్గా ఉందని అన్నీ ఆపేసి పడుకున్నాడు. రొయ్యల సాగు తెలిసిన వాళ్లకి దీని అర్థం చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోతే జనరేటరు కోసం గుండెలు చేత్తో పట్టుకుని పరిగెత్తే వేళ అది. పొద్దున్నే గుంటంతా తేలిపోయింది. వాటాదారులు నెత్తీనోరూ కొట్టుకుంటూ ఉంటే బావ ఇంటికొచ్చి స్నానం చేసి టిఫిన్ అడిగాడు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయన తల్లి పోయింది. శవం వసారాలో ఉండగా లోపల టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. స్వీట్లంటే అసలు ఇష్టం లేని మనిషి, బజారుకి పోయి అరకిలో మైసూర్‌పాక్ నిలబడి తినేసి డబ్బివ్వకుండా వచ్చేవాడు.

ఊరు వెంటనే తీర్పు చెప్పింది. "డబ్బు చూసి ఆయప్పకి కళ్లు నెత్తికెక్కినాయి." "ఇంకో సంసారం ఉండుంటది." "అప్పులోళ్లు అడక్కుండా పిచ్చి నాటకం ఆడతా ఉండాడు." "కడుపులో ఎవురో మందు పెట్టినారు." మేత కంపెనీ ఏజెంటు అందరి ముందూ చొక్కా పట్టుకున్నాడు. సొంత తమ్ముడు వాటాలు తెంచుకున్నాడు. మెదడుకి ఏమన్నా అయిందేమో అన్న మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. ఊరివాళ్లకి తెలియకపోతే వాళ్ల తప్పు కాదు. తెలిసి ఉండాల్సిన చదువు చదివిన వాళ్లకి కూడా తట్టకపోవడం దగ్గరే నా కడుపు మండుతోంది.

ఎందుకంటే బావకి జరిగింది వైద్య పుస్తకాల్లో ఉన్నదే. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనేది మెదడు ముందు భాగాన్నీ, కణతల దగ్గరి భాగాన్నీ కుంచించుకుపోయేలా చేసే జబ్బు. ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ దీన్ని 1892లోనే వర్ణించాడు. ఎక్కువగా 45 నుంచి 65 మధ్య మొదలవుతుంది. మొదట పోయేది జ్ఞాపకం కాదు. జాలి పోతుంది, జంకు పోతుంది, రేపటి గురించిన భయం పోతుంది. తీపి మీద ఆశ పెరుగుతుంది. తేదీ, వారం, ముఖ్యమంత్రి పేరు చాలాకాలం గుర్తుంటాయి. అందుకే ఆ రెండు ప్రశ్నలు దీన్ని పట్టుకోలేవు. పట్టుకోవాలంటే పక్కన కూర్చున్న భార్యని అడగాలి. ఈ మనిషి ఇంతకుముందు ఎట్లా ఉండేవాడు, ఏం మారింది, ఎప్పటి నుంచి? దీనికి స్కానింగు మిషను అక్కర్లేదు, పావుగంట ఓపిక చాలు. ఆ పావుగంట మా అక్కకి ఇచ్చే నాథుడు దొరకడానికి ఏళ్లు పట్టింది.

అసలు డిమెన్షియాల్లో అందరికీ తెలిసిన అల్జీమర్స్ చరిత్రే నడివయసు మనిషితో మొదలైంది. 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె డేటర్ అనే ఆమెను భర్త తీసుకొచ్చాడు. రైల్వే గుమాస్తా భార్య ఆమె, వయసు 51. భర్త మీద అకారణంగా అనుమానం, వంటింట్లో తడబాటు, తర్వాత తన పేరు రాయబోయి మధ్యలో ఆగిపోవడం. అలోయిస్ అల్జీమర్ ఆమెతో మాట్లాడిన ప్రతి మాటా రాసి పెట్టాడు. 1906 ఏప్రిల్లో ఆమె చనిపోయాక మెదడుని మైక్రోస్కోపు కింద చూసి, అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్ పట్టణంలో డాక్టర్ల సభ ముందు చెప్పాడు. ఆ సభలో ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. 1910లో క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకి అల్జీమర్ పేరు పెట్టాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకి పైగా ఆ పేరు 65 లోపు వాళ్లకి వచ్చే జబ్బుకే వాడారు. ముసలితనంలో వచ్చేదీ ఇదీ ఒకటేనని వైద్యలోకం ఒప్పుకున్నది 1970ల తర్వాతే. అల్జీమర్సే 51 ఏళ్ల మనిషి వల్ల లోకానికి తెలిసినప్పుడు, ఇలాంటి జబ్బు 48 ఏళ్ల వాడికి ఎట్లా వస్తుందని నెల్లూరులో అడిగితే, ఆ చదువు చదివిన వాళ్లకి నేనేం జవాబు చెప్పాలి?

మన దేశంలో డిమెన్షియా లెక్కలు కూడా అరవై దగ్గరే మొదలవుతాయి. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం దేశంలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా కట్టింది. అరవై దాటిన వాళ్లలో నూటికి ఏడుగురికి పైగానే. మంచి అధ్యయనం, అవసరమైన అధ్యయనం. కానీ అందులో లెక్కపెట్టింది అరవై దాటిన వాళ్లనే. మా బావ ఆ 88 లక్షల్లో లేడు. ప్రపంచమంతటా వచ్చిన అధ్యయనాల్ని కలిపి 2021లో వేసిన లెక్క ప్రకారం 30 నుంచి 64 ఏళ్ల మధ్య 39 లక్షల మంది డిమెన్షియాతో బతుకుతున్నారు, ఆ వయసు వాళ్లలో లక్షకి 119 మంది. 2011 జనగణన నాటికి ఉమ్మడి నెల్లూరు జిల్లా జనం 29 లక్షల 63 వేల పైచిలుకు. అందులో ఆ వయసు వాళ్లు పది లక్షలే అనుకున్నా, ఈ జిల్లాలో వెయ్యి మందికి పైగా ఉండాలి. ఎక్కడున్నారు వాళ్లు? ఏ రిజిస్టరులో ఉన్నారు? కావలి నుంచి తడ దాకా ఈ ఒడ్డు వెంట తాగుబోతు అనీ, సోమరి అనీ, మొగుణ్ని ఏలుకోలేని ఆడది అనీ పేర్లు పడి బతుకుతున్న వాళ్లలో ఎంతమంది ఈ వెయ్యిలో వాళ్లు?

డిమెన్షియా ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా బయటపడుతుంది కనుక ఇంకా కష్టం. జాలరి అయితే పొద్దున్నే సముద్రం మీదికి పోవడానికి అన్నీ సర్దుకుంటాడు, ఇంజను దగ్గర కూర్చున్నాక ఏది ముందు ఏది వెనకో తెలియదు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న వల బాగు చేసే పని చేతిలో ఆగిపోతుంది. తోటివాళ్లు రాత్రి తాగింది దిగలేదనుకుంటారు. పంతులు అయితే మాట వెతుక్కుంటాడు. గ్లాసుని గ్లాసు అనలేక 'అదీ, నీళ్లు తాగేదీ' అంటాడు. పిల్లలు నవ్వుతారు, హెడ్‌మాస్టరు మెమో ఇస్తాడు. మరికొందరికి కళ్లు బాగానే ఉంటాయి, కళ్లు చూసినదాన్ని మెదడు అర్థం చేసుకోలేదు. మెట్టు ఎక్కడుందో తెలియదు, కంచంలో అన్నం కనిపించదు. వాళ్లు అద్దాలు మార్చి మార్చి, శుక్లాల ఆపరేషను కూడా చేయించుకుని, కంటి ఆసుపత్రుల చుట్టూ ఏళ్లు తిరుగుతారు. ఇంగ్లిషు రచయిత టెరీ ప్రాచెట్‌కి వచ్చింది ఈ రకమే. 2007లో 59 ఏళ్ల వయసులో ఆయనకి నిర్ధారణ అయింది.

ఆడవాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇంకా మంట. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా, గ్యాస్ ఆపడం మరిచినా, డ్వాక్రా లెక్క తప్పినా ముందు దెబ్బలు పడతాయి, తర్వాత పుట్టింటికి పంపడం. నలభై ఐదు దాటిన ఆడదాని ఏ బాధనైనా నెలసరి ఆగిపోయే వయసు ఖాతాలో వేసి మూసేయడం మన ఆసుపత్రులకి అలవాటు. మా బావని అక్క వదిలిపెట్టలేదు. ఇదే జబ్బు అక్కకి వచ్చి ఉంటే ఆమెని ఎంతమంది అంటిపెట్టుకుని ఉండేవాళ్లో నేను రాయలేను.

ఈ జిల్లాలో మనసు చెదిరిన వాళ్లని ఎక్కడికి తీసుకుపోతారో అందరికీ తెలుసు. గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నిద్ర చేయిస్తారు. అనుమసముద్రంపేట దర్గాలో నెలల తరబడి ఉంచుతారు. మొహర్రం వేళ నెల్లూరు స్వర్ణాల చెరువులో నడుము లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె అందుకుంటారు. అక్క ఈ మూడూ చేసింది. చదువుకున్న చుట్టాలు కొందరు ఆమెని దీనికే తిట్టారు. నాకు ఆ తిట్టే వాళ్ల మీద కోపం. గొలగమూడిలో బావ గుడి చుట్టూ రోజంతా తిరుగుతున్నా ఎవరూ గెంటేయలేదు, పక్కన పడుకున్న వాళ్లు అక్కకి అన్నం పెట్టారు, ఆమె చెప్పింది మొదటి నుంచి చివరి దాకా విన్నారు. వైద్యం అని బోర్డు పెట్టిన చోట దొరకనిది అక్కడ దొరికింది. జబ్బు పేరు చెప్పగల వాళ్లు తలుపు మూసి, చెప్పలేని వాళ్లు తలుపు తీస్తే జనం ఎటు పోతారు?

పేరు తెలిస్తే మాత్రం ఏం లాభం, మందు లేదు కదా అనే వాళ్లున్నారు. ఈ మాట అనే డాక్టర్లని కూడా చూశాను. ఇంతకంటే బాధ్యత లేని మాట ఇంకొకటి లేదు. ముందుగా, డిమెన్షియాలా కనిపించేదంతా డిమెన్షియా కాదు, నయమయ్యేవి ఉన్నాయి. విటమిన్ బి12 తగ్గితే మతి తప్పుతుంది, ఇంజెక్షన్లతో తిరిగి వస్తుంది. థైరాయిడ్ మందగిస్తే మనిషి మందగిస్తాడు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ మెదడుకి పాకుతాయి. నేషనల్ హైవే లారీలు, రేవు పనులు, వలసలు ఉన్న ఈ ఒడ్డున ఆ పరీక్ష చేయకుండా ఎవరినైనా ఎట్లా పంపిస్తారు? బోటు మీద జారిపడో, బైకు మీంచి పడో తలకి దెబ్బ తగిలిన కొన్ని వారాలకి పుర్రె లోపల రక్తం గడ్డకట్టి మనిషి తికమకపడతాడు. ఒక్క సీటీ స్కాన్‌తో తెలుస్తుంది, ఆపరేషనుతో లేచి తిరుగుతాడు. మెదడులో నీరు చేరడం, టీబీ, డిప్రెషన్, ఇవన్నీ ఈ వరసలోనివే. ఇక సారా. తాగుబోతని తీసిపారేసిన వాళ్లలో కొందరికి నిజంగానే తాగుడు వల్ల థయమిన్ అనే విటమిన్ అడుగంటి మెదడు దెబ్బతింటుంది. సకాలంలో ఎక్కిస్తే ఆగే ఈ నష్టానికి వాడే ఇంజెక్షను ఎంత చౌకో ఏ కాంపౌండరునడిగినా చెబుతాడు. వాడు తాగుతాడు కాబట్టి ఇట్లా ఉన్నాడని చెప్పి పంపించిన ప్రతిసారీ ఒక మెదడుని చేతులారా పోగొట్టుకుంటున్నాం. ఈ రక్తపరీక్షలేవీ జిల్లాకి కొత్తవి కావు. రాయడానికి చేయి కదలాలి.

నిజంగా డిమెన్షియానే అయినా రకం తెలియడం ముఖ్యం. అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ బిళ్ల ఫ్రంటోటెంపోరల్ రకానికి పనిచేయదు, కొందరిలో చిరాకు పెంచుతుంది. రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే రకమైతే బీపీ, షుగర్ అదుపు చేసి మరింత చెడకుండా ఆపొచ్చు. ఆపైన అసలైన విషయం డబ్బు. జబ్బని ముందే తెలిసి ఉంటే ఆ ఏరియేటర్ల రాత్రి జరిగేది కాదు. బావ ఎవరికో తెల్లకాగితాల మీద సంతకాలు చేసేవాడు కాదు. అక్క నగలు ఇంట్లోనే ఉండేవి. నెదర్లాండ్స్‌లో చూస్తే 65 లోపు వాళ్లకి మొదటి లక్షణం నుంచి నిర్ధారణ దాకా సగటున 4.4 ఏళ్లు పట్టింది, పెద్దవాళ్లకి 2.8 ఏళ్లు. అంత వైద్యం ఉన్న దేశంలోనే అంత ఆలస్యమైతే, ఇక్కడ ఎంతమంది నిర్ధారణే లేకుండా పోతున్నారో.

మన దగ్గర చేతకాక కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, తోటి డాక్టర్లు మెమరీ క్లినిక్ నడిపి, అడెన్‌బ్రూక్ అనే జ్ఞాపకశక్తి పరీక్షని తెలుగులోకి తెచ్చారు. మన చదువులకీ మన జీవితానికీ సరిపోయేలా మార్చారు. 2011లో వాళ్లు వెలువరించిన 347 మంది రోగుల వివరాల్లో సగటు వయసు 66 దగ్గరే ఉంది. దాదాపు అయిదుగురిలో ఒకరిది ఫ్రంటోటెంపోరల్ రకం. అంటే మన తెలుగువాళ్ల మధ్యే, మన భాషలోనే, నడివయసు రోగులు ఎంతమంది ఉంటారో అప్పుడే బయటపడింది. అదే క్లినిక్ నుంచి 2013లో వచ్చిన మరో పరిశోధన, రెండు భాషలు మాట్లాడే వాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతుందని చూపించింది. 648 మంది రోగుల వివరాలతో వచ్చిన ఆ ఫలితాన్ని ప్రపంచమంతా చదువుతోంది. ప్రపంచం చదివినది నెల్లూరు ఓపీ గదిలోకి ఎందుకు రాలేదు? 2014లో రాష్ట్రం విడిపోయాక నిమ్స్ అక్కడ ఉండిపోయింది. సరే, తెలుగు అయితే విడిపోలేదు కదా. ఆ ప్రశ్నాపత్రాన్ని తెచ్చుకోవడానికి ఏ ప్రాజెక్టూ అక్కర్లేదు.

నెల్లూరు వాళ్లకి పెద్ద జబ్బంటే మద్రాసే. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. గుండె, కిడ్నీ, ఎముకలు ఏవైనా అక్కడ భాష పెద్ద అడ్డం కాదు. ఈ జబ్బు అట్లా కాదు. ఇది మాటలతో పట్టుకునే జబ్బు. బావని ఒక చోట ఇంగ్లిషులో, మధ్యమధ్య తమిళంలో ప్రశ్నలడిగి, ముప్పైకి ఇన్ని మార్కులని వేశారు. చూపించిన బొమ్మ పేరు తమిళంలో చెప్పలేకపోతే అది జబ్బా, భాషా? నెల్లూరు యాసలో బావ చెప్పిన జవాబుని ఆ గదిలో ఎవరూ అర్థం చేసుకోలేదు. మాట పోయే రకం డిమెన్షియా ఉన్న మనిషికి ఇలాంటి పరీక్ష పెట్టి ఏ నిర్ధారణ చేస్తారు? చివరికి అదే ఊళ్లో ఇంకో చోట తెలుగు తెలిసిన ఒక పెద్దావిడ, నరాల డాక్టరు, బావని బయట కూర్చోబెట్టి అక్కతో మాట్లాడింది. ఎంఆర్ఐ చూడకముందే ఆమెకి అర్థమైంది. ఎంఆర్ఐలో మెదడు ముందు భాగం కుంచించుకుపోయి కనిపించింది. గుంటలన్నీ పోయాక, తమ్ముడు దూరమయ్యాక, పెద్ద పిల్ల కాలేజీ మానేశాక దొరికిన పేరు అది.

పేరు దొరికాక మొదలైంది రెండో నరకం, ఆఫీసులది. వృద్ధాప్య పింఛను నెలకి 4,000, అరవై నిండాలి. మత్స్యకారులకి 50 ఏళ్లకే ఇస్తారు, బావ ఆ లెక్కలోకి రాడు. దివ్యాంగుల పింఛను 6,000, దానికి సదరం సర్టిఫికెట్ కావాలి, అందులో 40 శాతం వైకల్యం రావాలి. సదరం శిబిరంలో చేతులు చూస్తారు, కాళ్లు చూస్తారు, కళ్లు, చెవులు చూస్తారు. బావకి అన్నీ బాగున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. దీర్ఘకాల నరాల జబ్బుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుంది, పార్కిన్సన్స్ పేరుంది. డిమెన్షియా పేరు లేదు. మానసిక అనారోగ్యం అన్న నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం అనే మాట ఉంది, దాన్ని పట్టుకుని ఇవ్వొచ్చు. ఇవ్వాలంటే కూర్చున్న డాక్టరు ఆ నిర్వచనం చదివి ఉండాలి. "ఇంత గట్టిగా ఉండాడు, ఈయనకేంది" అని అక్కని పక్కకి జరగమన్నారు. వెనక వరసలో ఉన్న వాళ్లు కూడా నవ్వారట.

బ్యాంకులో ఖాతా బావ పేరు మీద. ఆయన వచ్చి సంతకం పెట్టాలంటారు. సంతకం అడిగితే ఆయన కాగితం నలిపి నోట్లో పెట్టుకుంటాడు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న వాళ్లకి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీయే సంరక్షకుల్ని నియమిస్తుంది. ఆ జాబితాలో డిమెన్షియా లేదు. కట్టుకున్న భర్త తరఫున పది వేలు తీసుకోవడానికి భార్య కోర్టు మెట్లెక్కాలి. అరవై దాటిన వాళ్లకైతే ఈ పాటికి ఆస్తులు పిల్లల చేతికి వచ్చి ఉంటాయి, పెళ్లిళ్లయి ఉంటాయి. నడివయసులో పడిన వాళ్లకి అప్పులు నడుస్తూ ఉంటాయి, పిల్లలు చదువుతూ ఉంటారు, ఇంటి మొత్తానికి సంపాదన ఆ ఒక్క మనిషిదే అయి ఉంటుంది. సాయం ఎవరికి ఎక్కువ కావాలో ఇంత తేటగా కనిపిస్తుంటే, చట్టాలు రాసే వాళ్లకి ఎందుకు కనిపించదు?

ఇంకొకటి ఉంది, బయటికి చెప్పుకోలేనిది. ఈ రకాల్లో కొన్ని కుటుంబాల్లో పరంపరగా వస్తాయి. అందరికీ కాదు, కొన్ని కుటుంబాల్లోనే. కానీ ఆ మాట పొక్కితే ఆడపిల్లకి సంబంధం రాదని ఇళ్లు నోరు మూసుకుంటాయి. అక్క పేరు రాయొద్దని నన్ను అడిగింది ఇందుకే. నోరు తెరిచి అడగాల్సిన వాళ్లే దాక్కోవాల్సి రావడం వల్ల ఈ జబ్బు తరఫున ధర్నాలు లేవు, వినతిపత్రాలు లేవు. అడిగే వాళ్లు లేరు కాబట్టి అవసరం లేదని అధికారులు అనుకుంటున్నారు. కేరళ ప్రభుత్వం 2014లోనే స్మృతిపథం పేరుతో డిమెన్షియా కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దేశాలన్నీ డిమెన్షియా ప్రణాళికలు రాసుకోవాలని తీర్మానించింది. కేరళ వాళ్లకి చేతనైనది మనకెందుకు చేతకాదు?

పోయిన ఏడాది ఆశా కార్యకర్త మా అక్కవాళ్లింటికి వచ్చింది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా నింపాల్సిన ఫారం ఆమె చేతిలో ఉంది. బీపీ, షుగర్, కేన్సర్ల కోసం ప్రభుత్వం చేయించే సర్వే అది. బావని వరుసగా అడిగింది. పొగ తాగుతారా, మందు తాగుతారా, నడుము ఎంత, దగ్గు ఉందా, నోట్లో పుండు ఉందా. అన్నింటికీ అక్కే జవాబు చెప్పింది. ఆ ఫారంలోనే ఇంకో ప్రశ్న ఉంది. దగ్గరివాళ్ల పేర్లు గానీ మీ ఇంటి అడ్రసు గానీ మరిచిపోతున్నారా? అది అరవై దాటిన వాళ్లకని వేరుగా పెట్టిన భాగంలో ఉంది. బావకి అరవై లేవు. ఆ పిల్ల తనకి నేర్పినట్టే దాన్ని దాటేసి, సంతకం పెట్టించుకుని పక్కింటికి పోయింది. ఆమెని నేను ఒక్క మాట అనను. ఎండలో తిరిగి చాలీచాలని జీతానికి ఆమె ఊరి బరువంతా మోస్తోంది. ఆ గీత గీసిన వాళ్లని అడుగుతున్నాను.

ఆ ప్రశ్నని ముప్పై దగ్గరికి జరపండి. దానికి తోడు ఇంకొకటి చేర్చండి: ఈ మనిషి తీరు ఆరు నెలలుగా మారిపోయిందా అని ఇంట్లో వాళ్లని అడగమనండి. అవునన్న వాళ్లని పీహెచ్‌సీకి పంపండి, అక్కడ బి12, థైరాయిడ్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయండి. నెల్లూరులో 2014 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, మానసిక వైద్య విభాగం ఉంది, స్కానింగు ఉంది. వారంలో ఒక్క పూట ఒక్క గది ఇవ్వండి. తెలుగు ప్రశ్నాపత్రంతో ఒక డాక్టరుని కూర్చోబెట్టండి. ఆ గదిలో ఇచ్చిన కాగితం సదరంలో చెల్లేలా కలెక్టరు ఒక ఉత్తర్వు ఇవ్వాలి, పింఛనుకి అరవై అడ్డు రాకుండా ప్రభుత్వం ఒక జీవో ఇవ్వాలి. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. ఆ జీవో తప్ప మిగతాది జిల్లా వైద్యాధికారి, కలెక్టరు, మెడికల్ కాలేజీ సూపరింటెండెంటు ఒక బల్ల చుట్టూ ఒక గంట కూర్చుంటే తేలే పని. ఆ గంట ఏ తేదీన కూర్చుంటారో రాతపూర్వకంగా చెప్పమని అడుగుతున్నాను.